దేవదానం తాత ఓడ

మా ఆఫీసులో మూలన పడేసిన పాత కంప్యూటర్‌ను మొన్న సోమవారం మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చింది. లోపలి ఫ్యాను రెండుసార్లు ఆగి, తర్వాత మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి దాని వెనక నుంచి వెచ్చబడిన దుమ్ము వాసన వచ్చింది. ఎండలో ఆరిన గోనెసంచి లాంటి వాసన. నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇప్పుడు రాస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఈ మాట అందులో కూడా లేదు. ఆ రోజుల పేజీల్లో వాన పడిందని, పడలేదని రాసి వదిలేశాను. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒక ముసలాయన తన ఓడను నమ్మి నా చేతిలో పెట్టి వెళ్లాడు. నాలుగో రోజే దాన్ని పోగొట్టాను. అది పోలేదని ఐదు నెలల పాటు రోజూ ఆయన పక్కనే కూర్చుని అబద్ధం చెప్పాను.

అది నీళ్ల మీద నడిచే ఓడ కాదు. కంప్యూటర్ ఆటలో నక్షత్రాల మధ్య సరుకు మోసే ఓడ. చదివేవాళ్లకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

నేనిప్పుడు మొగుళ్లపల్లిలో ఉంటున్నాను. కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం, ఒక అద్దె గది, గోడకు ఆనించి పేర్చిన పుస్తకాలు. పత్తి ఏరే రోజుల్లో ఊరంతా చేలల్లోనే ఉంటుంది. అప్పుడు మధ్యాహ్నం అన్నానికి గదికి పోతుంటే వీధిలో నా చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ కష్టం. బడిలో హాజరు పిలిస్తే లేచి ఊరికే నిలబడేదాన్ని. మాటలు లోపల ఉంటాయి. వరుసగా, చక్కగా ఉంటాయి. ఎవరైనా నా ముఖం వైపు చూస్తే చాలు, కదలవు. ఇంట్లో దీన్ని పొగరన్నారు, కాలేజీలో మొద్దు అన్నారు. దేవదానం తాత ఒక్కడే దానికి ఏ పేరూ పెట్టలేదు.

మాది డోర్నకల్. మా బాపు రైల్వేలో పట్టాల వెంట నడుస్తూ బోల్టులు చూసే పని చేసేవాడు. మా ఇంటికి రెండిళ్ల అవతల దేవదానం తాత ఉండేవాడు. గూడ్సు బండి గార్డుగా ముప్పై ఆరేళ్లు చేసి దిగిపోయాడు. భార్య మార్తమ్మ ఆయన రిటైర్ కావడానికి ముందు ఏడే చనిపోయింది. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోవడం, మిగతా రోజుల్లో అరుగు మీద కూర్చుని బండ్ల చప్పుడు వినడం, అంతే ఆయన లోకం. కంట్లో ఒత్తిడి పెరిగి అప్పటికే చూపు మసకబారింది. గార్డు డబ్బా బండికి చివరన ఉంటుంది కదా. ముప్పై ఆరేళ్లు తాను వెనకకే చూశానని ఒకసారి నాతో అన్నాడు. "వచ్చే టేషన్ డ్రైవర్ది బిడ్డా. పోయిన టేషన్ గార్డుది. మలుపు తిరిగినప్పుడే నాకు నా బండి కనవడేది."

జనగామలో నర్సుగా పనిచేసే ఆయన కూతురు కరుణక్క, నాయిన ఒంటరిగా ఉంటున్నాడని ఒక పాత కంప్యూటర్ కొని పంపింది, వీడియోలో ముఖం చూసి మాట్లాడవచ్చని. దాన్ని నడపడం చూపించమని మా బాపు నన్ను పంపాడు. కూతురితో మాట్లాడటం వారానికి ఒకసారే. మిగతా ఆరు రోజులు అది గుడ్డ కప్పుకుని కూర్చునేది. ఒకరోజు తాత, "దీంట్ల ఆటలు గూడ ఉంటయంట గదా. ఒకటి తెచ్చుకుందాం పా," అన్నాడు. నేను డిగ్రీ చదువుకు రోజూ మహబూబాబాద్ పోయేదాన్ని. ఆ శనివారం ఆయన కూడా నాతో బండెక్కాడు.

స్టేషన్ దగ్గర పాత కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు అది. షాపాయన తాతను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కొక్క ఆటా చూపించాడు. ముందు కార్ల పందెం పెట్టాడు.

"గీ కారు యాడికి పోతది?" అన్నాడు తాత.

"యాడికీ పోదు బాపు. గుండ్రంగ తిరిగి మల్ల ఈడికే వస్తది."

"గదైతే యార్డు దాటని షంటింగ్ ఇంజనే. వద్దు."

తర్వాత యుద్ధం ఆట. తెర నిండా తుపాకులు పట్టుకున్న మనుషులు. "వీళ్లంత ఎవలు?"

"దుష్మన్లు బాపు."

"నాకేం చేసిన్రు?"

షాపాయన ఆ ఆట మూసేశాడు. పొలం దున్ని పంట తీసే ఆట పెట్టాడు. తాత దానివైపు సరిగ్గా చూడనే లేదు. "మా నాయిన నాగలి పట్టమంటెనే పారిపోయొచ్చి రైల్ల చేరిన. మల్ల గదే దున్నమంటవా?"

చివరికి షాపాయన విసిగిపోయి ఇంకొకటి పెట్టాడు. నల్లటి తెర, దాని మీద చల్లినట్టు చుక్కలు. "గిది ఎవ్వలూ ఆడరు బాపు. దీనికి ఆఖరనేదే లేదు. ఏం చెయ్యాల్నో గూడ చెప్పది. నీకొక ఓడ ఇస్తది. ఈ టేషన్ల సరుకు ఎత్తుకొని ఆ టేషన్ల అమ్ముకో, దొంగలొస్తె కొట్లాడు, లేకుంటె ఊకె తిరుగు. పోరగాండ్లు తీస్కపోతరు, ఏం సమజ్ కాలేదని మూడు దినాలకు వాపస్ తెస్తరు."

తాత ముందుకు వంగాడు. "టేషన్లున్నయా?"

"లెక్కలేనన్ని."

"గార్డు యాడ కూసుంటడు?"

"గార్డుండడు. నువ్వొక్కనివే. ముందటి అద్దం కాడ కూసుంటవు."

తాత ఆ చుక్కల్ని వేలితో తడిమి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేమంటవ్ బిడ్డా?" అన్నాడు. నన్ను అలా అడిగినవాళ్లు అంతకుముందు ఉండే ఉంటారు. కానీ అడిగి, నా నోట్లోంచి మాట వచ్చేదాకా ఆగినవాళ్లు లేరు. షాపాయన వేరే గిరాకీతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తాత కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఆగాడు. ఎంతసేపో తెలియదు. చివరికి నేను, "గిదే తీసుకుందాం తాతా. ఏం చెయ్యాల్నో చెప్పనిది గిదొక్కటే," అన్నాను. ఇంట్లో బాపు, కాలేజీలో లెక్చరర్లు, రైల్లో తోటి ఆడపిల్లలు, అందరూ నేనేం చేయాలో చెప్పేవాళ్లే. అందుకే ఆ మాట వచ్చింది. తాత షాపాయనను పిలిచి, "మా రజిత చెప్పింది. గిదే కట్టియ్యి," అన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఏడు గంటలకు ఆయన తలుపు కొట్టేదాన్ని. నా కాలేజీ బండి వేళ దాకా ఆట. తెర మీది అక్షరాలు ఆయనకు కనిపించవు కాబట్టి నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఏం చేయాలో ఆయన చెప్పేవాడు, మీటలు ఇద్దరం నొక్కేవాళ్లం. మొదటి రోజే ఆట ఒక ప్రశ్న వేసింది. ఓడ కూలిపోతే, కూలిపోకముందున్న చోటి నుంచి మళ్లీ ఆడతారా, లేక అంతా పోగొట్టుకుని చిన్న ఓడతో మొదటి నుంచి మొదలుపెడతారా? అందరూ మొదటిదే ఎంచుకుంటారు. తాత ఒప్పుకోలేదు. "పడిపోయిన బండిని లేపి పట్టాల మీద పెట్టి, ఏం కాలేదని నడుపుమంటరా? గట్లుండది. రెండోదే పెట్టు." తర్వాత ఓడకు పేరు అడిగింది. ఆయన ఆలోచించలేదు. "మార్త అని కొట్టు," అన్నాడు. కాసేపాగి, నాతో కాదన్నట్టు, "దిగిపోయినంక ముందటి సీట్ల కూసోబెట్టి తిప్పుత అన్న. ఆగకపాయె," అన్నాడు.

ఆటలో ఏ పనీ తప్పనిసరి కాదు. తాత తన పని తానే ఎంచుకున్నాడు. పటం అంచున, మిగతా చుక్కలకు దూరంగా, ఒకే ఒక స్టేషన్ ఉండేది. దాని అవతల నలుపు తప్ప ఏమీ లేదు. మార్తను అక్కడిదాకా తీసుకుపోవాలన్నాడు. దారి పొడుగునా స్టేషన్ల నుంచి స్టేషన్లకు మందులు, ధాన్యం, ఇనుప ఖనిజం మోసుకుంటూ పోయేవాళ్లం. ఖాళీగా ఓడను కదలనిచ్చేవాడు కాదు. దొంగ ఓడలు చుట్టుముడితే మాత్రం ఆయన సరుకు పెట్టెలు కొన్ని బయటికి వదిలేసి తప్పించుకుందామనేవాడు. నేను వినకుండా కాల్చేదాన్ని. గురి బాగా కుదిరేది. అది చూసి ఆయన నవ్వేవాడు. "నోరు తెరువుమంటె వణుకుతవు. తుపాకి మీద మాత్రం చెయ్యి వణకది నీకు."

ఆయన నాకు నేర్పిన అసలు పని ఆట కాదు. పుస్తకం రాయడం. గార్డు తన ప్రయాణమంతా ఒక పుస్తకంలో రాస్తాడు. తాత పొడుగాటి నోటుపుస్తకంలో నాతో అలాగే గళ్లు గీయించాడు. స్టేషన్ పేరు, చేరిన వేళ, కదిలిన వేళ, చివరి గడి ఆగిన కారణం. ఎక్కడ ఎందుకు ఆలస్యమైందో అందులో రాయాలి. "కారణం రాయకపోతే ఆలస్యం నీ నెత్తిమీదికొస్తది బిడ్డా," అనేవాడు. సిగ్నల్ ఇవ్వలేదు, సరుకు దింపడం తెమల్లేదు, దొంగలు అడ్డమొచ్చారు, రజితకు కాలేజీ బండి వేళైంది. అన్నీ రాయించేవాడు. డైరీ రాయడం నాకు ఆ గళ్లలోంచే అలవాటైంది.

ఏడాది దాటాక, అంచు స్టేషన్‌కు ఇంకా చాలా దూరం ఉండగా, కరుణక్క వచ్చి ఆయనను కంటి ఆపరేషన్‌కు తీసుకుపోయింది. పదిహేను రోజులు పడుతుందన్నారు. పోయేముందు తాళంచెవి నా చేతిలో పెట్టి, "రోజొక్క టేషన్ నడుపు చాలు. పుస్తకం మర్వకు. మార్త భద్రం," అన్నాడు తాత.

మూడు రోజులు బాగానే నడిపాను. నాలుగో రోజు ఒక కాపలా ఓడ అడ్డమొచ్చి ఆపింది. అది దొంగల ఓడ కాదు. ఎవరు మీరు, ఏం సరుకు, ఎక్కడికి అని అడుగుతుంది. తెర మీద నాలుగు జవాబులు కనిపిస్తాయి, ఒకటి నొక్కాలి. తాత ఉన్నప్పుడు ఎన్నోసార్లు జరిగింది. నేను చదవడం, ఆయన "రెండోది కొట్టు, మర్యాదగుంది," అనడం, అంతే. ఆ రోజు పక్కన కుర్చీ ఖాళీ. నాలుగు జవాబులూ చదివాను. ఏది సరైనదో తోచలేదు. రెండోది కూడా ఎందుకో అబద్ధంలా అనిపించింది. మళ్లీ అడిగింది. తెర అంచు ఎర్రబడింది. మూడోసారి అడిగింది. చెయ్యి మీట మీదే ఉంది, కదల్లేదు. బడిలో హాజరు పిలిచినప్పుడు నిలబడ్డట్టే ఉంది లోపల. కాల్చడం నాకు వచ్చు. కాపలావాళ్ల మీద ఎట్లా కాల్చాలి? జవాబు రాకపోతే దొంగ ఓడ అని లెక్క. వాళ్లు కాల్చారు. మార్త చప్పుడు లేకుండా ముక్కలైంది. మనిషి కూడా కాని ఒక యంత్రం నువ్వెవరని అడిగితే చెప్పలేకపోయాను. అందుకే పోయింది.

తర్వాతి పదకొండు రోజులు నేను కాలేజీకి పోలేదు. పొద్దున వచ్చి తలుపు లోపల గడియ పెట్టుకుని, చిన్న ఓడతో మొదటి నుంచి మొదలుపెట్టాను. దానికీ మార్త అనే పేరు పెట్టాను. ఎంత ఉరికినా ఏడాది దారిని పదకొండు రోజుల్లో అందుకోలేను కదా. పుస్తకంలో మాత్రం నాలుగో రోజు గడి నుంచీ పాత దారినే రాసుకుంటూ పోయాను. స్టేషన్ పేరు, చేరింది, కదిలింది. ఒక్కొక్క గీతా స్కేలు పెట్టి శుభ్రంగా గీశాను.

ఆపరేషన్‌తో చూపు పెరగలేదు. ఉన్న కాస్త పోకుండా చూసుకోవాలన్నారట. నల్లద్దాలతో తిరిగొచ్చిన రోజు తాత ముందు పుస్తకం అడిగాడు. వాకిట్లో వెలుగులో కూర్చుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్క గడినీ వేలితో తడుముతూ చదివాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఆయన పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మంచిగ నడిపినవ్ బిడ్డా. పొద్దుగాల రా, పోదాం," అన్నాడు.

అలా ఐదు నెలలు. తెర మీద ఎక్కడో ఒక చిన్న ఓడ పటం మొదట్లోనే తిరుగుతుండేది. నేను ఆయనకు ఇంకో ప్రయాణం చెప్పేదాన్ని. ఇవ్వాళ రాళ్ల వాన దాటినం తాతా. ఇవ్వాళ టేషన్ల నీళ్లకు లైన్ ఉంది. ఒక స్టేషన్‌లో అందరూ గుడ్డివాళ్లని, ఓడల్ని చప్పుడును బట్టి గుర్తుపడతారని చెబితే ఆయన చాలాసేపు దాని గురించే అడిగాడు. ఎన్నడూ పది మాటలు కలిపి మాట్లాడని నేను గంటన్నర ఆగకుండా మాట్లాడేదాన్ని. అబద్ధం చెబుతున్నానని తెలుసు. రైలెక్కాక డైరీలో వాన సంగతి ఒక్కటే రాసేదాన్ని. అయినా ఆ గంటన్నర కోసమే తెల్లవారేది. ఒకరోజు ఇక సాగదీయలేక అంచు స్టేషన్‌కు చేర్చేశాను. ఆకాశంలో మూడు చందమామలున్నాయన్నాను. ప్లాట్‌ఫారం పొడుగ్గా, ఊడ్చినట్టు శుభ్రంగా ఉందన్నాను.

"ఎవలన్న ఉన్నరా ఆడ?" అన్నాడు తాత.

"ఎవ్వరూ లేరు తాతా."

"మరి మనకు జెండా ఎవలు ఊపుతరు?"

నేను పుస్తకం తెరిచి చేరిన వేళ రాశాను. ఆయన మళ్లీ అడగలేదు. గోడ మీది మార్తమ్మ ఫొటో వైపు ముఖం తిప్పి కూర్చున్నాడు. ఆ నెలలోనే కరుణక్క వచ్చి ఆయనను జనగామ తీసుకుపోయింది. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది.

రెండేళ్లు నేను జనగామకు పోలేదు. పోవాలనుకున్న ప్రతి ఆదివారం ఏదో ఒక పని పెట్టుకున్నాను. చూపు పూర్తిగా పోయిందని కరుణక్క ఫోన్ చేసి చెప్పిన తర్వాత వెళ్లాను. పరకాల మీదుగా హన్మకొండ, అక్కడి నుంచి జనగామ. రెండు బస్సుల్లోనూ ఒకే వాక్యం మనసులో అనుకుంటూ కూర్చున్నాను. తాతా, మార్త నాలుగో రోజే పోయింది. అంతే. చిన్న వాక్యం. జనగామలో దిగేసరికి అరిగిపోయినంతగా అనుకున్నాను.

కరుణక్క వాళ్ల ఇల్లు పట్టాలకు దగ్గరే. తాత వరండాలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నా అడుగుల చప్పుడు వినగానే, "రజితవేనా? ఇంకెవలన్నా అయితే గేటు కాడనే మాట్లాడుతరు," అని నవ్వాడు. గూడ్సు బండి ఒకటి పోయింది. "గది ఖాళీ రేకు, డబ్బాలల్ల సరుకు లేదు," అన్నాడు. కరుణక్క చాయ్ ఇచ్చి డ్యూటీకి తయారవడానికి లోపలికి పోయింది. నేను గ్లాసు కింద పెట్టాను.

"తాతా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు."

"మార్త..."

అక్కడే ఆగిపోయింది. ఆయన మహబూబాబాద్ షాపులో ఆగినట్టే ఆగాడు. చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి ఆయనే అన్నాడు. "నాలుగో దినం గదా?"

నేను తల ఎత్తాను.

"మూడు దినాలు ఆగిన కారణం రాసినవ్. నాలుగో దినం నుంచి బండి ఆగుడే బందైంది. పన్నెండు దినాలు ఒక్క నిమిషం లేట్ లేదు. ముప్పై ఆరేండ్లు చేసిన బిడ్డా, గసొంటి బండి దేవుడు నడిపినా నడువది."

"మరి అప్పుడే ఎందుకడగలే తాతా?"

"అడిగితే తెల్లారి వచ్చెటిదానివా నువ్వు?"

ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పాడు, నిష్ఠూరం లేదు. కాసేపటికి మళ్లీ ఆయనే, "ఆఖరి టేషన్ మాత్రం మంచిగ కట్టినవ్. మూడు చందమామలెందుకు పెట్టినవ్? రెండు సరిపోకపోవునా?" అన్నాడు. నేను ఏడుస్తున్నానని ఆయనకు కనిపించదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. అన్నాళ్లూ ఆయన చూపు లేక నమ్మాడనుకున్నాను. నేను రావడం మానేస్తానని భయపడి నమ్మినట్టు కూర్చున్నాడు.

ఆ వానాకాలం పూర్తికాకముందే తాత పోయాడు. కరుణక్క ఫోన్ వచ్చేసరికి అంతా అయిపోయింది. నా దగ్గర మిగిలింది ఆ సగం వాక్యం. ఆయనకు అంతా తెలుసని తెలిసినా నా నోటితో నేను చెప్పలేదు. నా బదులు ఆయనే చెప్పేశాడు. ఆఫీసు కౌంటర్ దగ్గర ఎవరైనా ముసలివాళ్లు మాట కోసం తడుముకుంటుంటే పక్కవాళ్లు గబగబా అందిస్తారు. నేను అందించను. వెనక ఉన్నవాళ్లు గొణుగుతున్నా, వాళ్ల మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా కుర్చీలో కూర్చుని ఆగుతాను. అందుకు నన్ను మందం మనిషి అంటారు. అననివ్వండి. ఆ రోజు జనగామలో నేను గేటు దాకా వచ్చేశాక, వెనక నుంచి తాత పిలిచాడు. తిరిగి చూశాను. నేను ఎక్కడ నిలబడ్డానో తెలియక ముఖం కొంచెం పక్కకు పెట్టి, నా వైపనుకుని అటే అన్నాడు:

"మల్ల వచ్చినప్పుడు నువ్వే చెప్పు బిడ్డా. నేను తెల్వనట్టే వింట."